ఓడిపోవడానికి మనిషి కావలెను

హైమవతికి మొగుడి మీదున్న ఫిర్యాదు చిన్నదే. ఆయన తాగడు, పేకాడడు, చారులో ఉప్పు మరిచిపోయినా మాట తూలడు. కాకపోతే పొద్దున్న తన చేతి కాఫీ తాగిన మనిషీ, సాయంత్రం తనతో బజారుకు వచ్చిన మనిషీ ఒకరేనన్న నమ్మకం పెళ్ళయిన ఇరవయ్యారేళ్ళలో ఆమెకు ఒక్కరోజూ కుదరలేదు. సోమవారం ఆయన దేవుడు లేడంటాడు. మంగళవారం ఉన్నాడంటాడు, అదీ కళ్ళు తుడుచుకుంటూ. బుధవారం అసలీ లోకమే లేదని నిరూపించి, లేని లోకంలో లేని ఉప్మా ఇంకొంచెం వడ్డించమంటాడు. వంకాయ కూర బాగుందని ఒప్పుకోవడానికి ముందు అది ఎందుకు బాగాలేదో పది నిమిషాలు వాదిస్తాడు.

“బాగుందని తేల్చాలంటే బాగాలేదనేవాడి మాట ముందు వినాలి కదా హైమా!”

“బాగాలేదనేవాడు ఎవరండీ? ఇంట్లో ఉన్నది మనమిద్దరమే.”

“వాడు లేడనే కదా, వాడి తరఫున నేను మాట్లాడుతున్నది.”

ఆయన పేరు కోదండపాణి. తెనాలిలో భువనమోహన కళాశాలలో తత్వశాస్త్రం చెబుతాడు. శాఖ మొత్తానికి ఆయనొక్కడే మేష్టారు, విద్యార్థులు ఏడుగురు. మిగిలిన వేళల్లో నాటకాలు రాస్తాడు. రాసినవి తానే ఆడతాడు, ఒక్కడే ఇద్దరుగా. తువ్వాలు ఎడమ భుజం మీదుంటే ఆయన తన పక్షం. కుడి భుజానికి మారిందంటే అవతలి పక్షం. పాఠం చెప్పినా ఇదే వరస. ఒకరి మాటను కొట్టివేసే ముందు, ఆ మాటను వాళ్ళకంటే బాగా మనమే చెప్పాలని పాత శాస్త్రాల్లో ఒక మర్యాద ఉంది. దాన్ని పూర్వపక్షం అంటారు. ఆ మర్యాద తెలియనివాడితో కోదండపాణి వాదించడు సరికదా, వాడింట్లో మజ్జిగ కూడా పుచ్చుకోడు.

ఇలా సుఖంగా జరిగిపోతుండగా ఈ ఏడు జూన్‌లో కాలేజీకి ఒక కొత్త ఉత్సాహం పట్టింది. తెచ్చినవాడు డాక్టర్ ప్రభుకిశోర్. చెప్పేది కామర్స్ అయినా, కాలేజీలో నాణ్యతా విభాగమంటే ఆయనే. ఎక్కడో మూడు రోజుల శిక్షణకు వెళ్ళి, అక్కడ మెడలో వేసిన గుర్తింపు కార్డుతోనే తిరిగొచ్చాడు. వారం దాకా దాన్ని తియ్యలేదు. ఎనిమిదోనాడు ప్రతి తరగతి గదిలో బోర్డు పైన ఒక మైకు పెట్టించాడు. చెప్పిన పాఠమంతా ఒక యంత్రం అక్షరాల్లోకి దింపుకుంటుంది. ఏ అధ్యాపకుడు ఏ విషయం మీద ఎన్నిసార్లు మాట మార్చాడో చూసి నూటికిన్ని అని మార్కులేస్తుంది. దాని పేరు అభిప్రాయ స్థిరత్వ సూచిక.

లెక్కల మేడమ్‌కు నూటికి నూరు వచ్చాయి. పద్నాలుగేళ్ళుగా ఆవిడ అవే లెక్కలు అదే వరసలో, అదే చోట దగ్గి మరీ చెబుతున్నారు. కోదండపాణికి మూడు వచ్చాయి. యంత్రానికి చెవులే గానీ కళ్ళు లేవు. తువ్వాలు ఏ భుజం మీదుందో దానికెలా తెలుస్తుంది?

నోటీసు వచ్చిన సాయంత్రం హైమవతి చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ఆయన నిలబడి చదివాడు.

“‘తమరి బోధనను పరిశీలించగా, భగవంతుడు కలడని నలభై ఒక్క పర్యాయములు, లేడని నలభై మూడు పర్యాయములు సెలవిచ్చియున్నట్లు వెల్లడైనది. లేడన్నవి రెండు అధికముగా ఉన్నందున తమరిని తాత్కాలికముగా నాస్తికులుగా నమోదు చేయడమైనది. లోకము సత్యమని పదిహేడు, కాదని పంతొమ్మిది, రెండూనని ఆరు, చెప్పలేమని ఎనిమిది పర్యాయములు. చివరి రెండింటికీ మా పట్టికలో గడి లేదు. కావున లోకము ఉన్నదీ లేనిదీ మూడు పనిదినములలోగా లిఖితపూర్వకముగా ధ్రువీకరించవలెను. సెమిస్టరు ముగియునాటికి తమరి సూచిక డెబ్బై ఐదుకు చేరనిచో తత్వశాస్త్ర శాఖను మూసివేసి, విద్యార్థులను పర్యాటక నిర్వహణ శాఖకు బదలాయించడమగును.’”

“దేవుడి సంగతి రెండే కదండీ తక్కువ! రేపు వెళ్ళి ఉన్నాడని మూడుసార్లు అనేసి రండి.”

ఆయన నవ్వలేదు. ఏ మాటకైనా ముందు నవ్వి, తరువాత ఖండించే మనిషి. హైమవతి చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది.

మూడోనాడు ప్రిన్సిపాల్ గదిలో విచారణ జరిగింది. ఏం జరిగిందని అడిగితే ఆయన మామూలుగా చెప్పలేడు కాబట్టి వంటింటి గడపలో నిలబడి ఆడి చూపించాడు. ఎడమ భుజాన తువ్వాలుంటే తాను, కుడి భుజానికి మారితే ప్రభుకిశోర్. ప్రిన్సిపాల్ బలరామమూర్తిగారికి భుజం చాలక తువ్వాలు నెత్తిన వేసుకోవాల్సి వచ్చింది.

కుడి భుజం అంది: “అంటే సార్, తప్పని తెలిసి కూడా దాన్ని మీరు అంత బాగా బోధిస్తున్నారన్నమాట.”

ఎడమ భుజం అంది: “బాగా చెప్పకపోతే అది ఎందుకు తప్పో తేలదు కదండీ. ముందువాడి మాటకు బలముంటేనే వెనకవాడి మాటకు బలం.”

“ఒకవేళ పిల్లలు అక్కడే ఆగిపోతే?”

“ఆగిపోతే, ఆ రోజు నా జవాబు చాల్లేదని అర్థం.”

“చూశారా ప్రిన్సిపాల్‌గారూ! జవాబు చాలకపోయే అవకాశం ఉన్నదని వారే అంగీకరిస్తున్నారు!”

తువ్వాలు నెత్తికెక్కింది. “రూలు మనం పెట్టిందేననుకోండి కోదండపాణిగారూ. కానీ పెట్టాక అది మన చేతిలో ఉండదు.”

చివరికి తేలిందేమిటంటే, ఒక నోటికి ఒకే పక్షం. సరైన మాట మేష్టారు చెప్పాలి. తప్పు మాట చెప్పడం అంత అవసరమైతే, అందుకు వేరే నోరు నియమించుకోవాలి. మర్నాడు నోటీసు బోర్డులో ప్రకటన వెలిసింది.

‘కావలెను: గౌరవ పూర్వపక్షి. ప్రతి పీరియడులోనూ తప్పు పక్షమున నిలిచి వాదించి, నలభై ఐదవ నిమిషమున తమ మాట తప్పని అంగీకరించి, రిజిస్టరులో సంతకము చేయవలెను. ఓడిపోవుటలో అనుభవము గలవారికి ప్రాధాన్యము.’

పది రోజులు గడిచినా ఒక్క దరఖాస్తు లేదు. కాలేజీలో నలభై మంది అధ్యాపకులున్నారు గానీ, తప్పని సంతకం పెట్టడానికి ఒక్క చెయ్యీ లేవలేదు. బయటి నుంచి ఒక రిటైరైన హెడ్‌మాస్టరు వచ్చి, “గెలిచే పోస్టు ఏమన్నా ఖాళీ ఉందా?” అని విచారించి వెళ్ళిపోయాడు. ఇక శాఖ మూతేననుకుంటుండగా, పదవీ విరమణకు దగ్గరపడిన అటెండరు ఏసుబాబు టీ గ్లాసులు తీస్తూ అన్నాడు:

“మేడమ్‌గారున్నారు గందా సార్? ఆమె కూడా బీయే ఫిలాసఫీనే అంట. సారు మాటకు ఎదురు చెప్పడంలో ఇరవయ్యారేళ్ళ సర్వీసు.”

అనుభవ ధ్రువపత్రం కావాలన్నారు. ‘ఈమె నా ప్రతి మాటకూ ఎదురు చెప్పినదనియు, ఈ విషయంలో ఏనాడూ సెలవు పెట్టలేదనియు ధ్రువీకరించుచున్నాను’ అని కోదండపాణి రాసిచ్చాడు. హైమవతి గంజి పెట్టిన నేత చీర కట్టుకుని ఇంటర్వ్యూకు వెళ్ళింది.

“మేడమ్, సూటిగా అడుగుతున్నాను. మీరు ఓడిపోగలరా?” అన్నాడు ప్రభుకిశోర్.

“నలుగురిలో ఎప్పుడూ ఓడిపోతానండీ. నలుగురూ వెళ్ళిపోయాక సంగతి వేరు.”

నలుగురిలో మాటే రాసుకుని ఆర్డరు ఇచ్చేశారు.

మొదటి వారమే ఆమెకు పని పట్టుబడింది. వంట ముగించి, జడ బిగించుకుని, పది గంటలకు తరగతిలో కుడివైపు కుర్చీలో కూర్చుంటుంది. ఆత్మ లేదని వాదిస్తుంది. నలభై ఐదో నిమిషానికి ఏసుబాబు రిజిస్టరు తెచ్చి ముందు పెడతాడు. ‘ఆత్మ లేదన్నాను. తప్పు. హైమవతి.’ మర్నాడు ఆత్మ ఉందని చెప్పే రోజు కాబట్టి… కాదు, ఆ రోజులు పోయాయి. ఇప్పుడు మేష్టారు ఏది చెబితే ఏడాది పొడుగునా అదే. తప్పులన్నీ ఆమె వంతు. ‘లోకం సత్యమన్నాను. తప్పు. హైమవతి.’

స్టాఫ్ రూములో ఆమె పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. తప్పు ఒప్పుకోవడం అంటుకునే జబ్బేమోనని అనుమానం.

“మేడమ్, మీరు రేపు కూడా తప్పేనా?” అని అడిగింది రమీజా. ఏడుగురిలోకీ చురుకైన పిల్ల.

“రోజూ తప్పేనమ్మా. పోస్టు అట్లాంటిది.”

“కానీ మేడమ్, మీరు చెప్పిందే నిజమనిపిస్తంది.”

“గట్టిగా అనకు. పైన మైకుంది.”

సూచిక పెరిగింది. నలభై, యాభై ఎనిమిది, డెబ్బై ఒకటి. ప్రభుకిశోర్ కారిడార్లో ఎదురైతే హైమవతికి నమస్కారం పెట్టసాగాడు. శాఖ నిలబడేలా ఉంది. అంతా బాగానే ఉంది, ఒక్క కోదండపాణి తప్ప.

ఒకరోజు గుత్తివంకాయ చేసింది. “ఎట్లా ఉంది?” అనడిగింది.

“బాగుంది.”

ఆమె ఎదురుచూసింది. ఇంకేం రాలేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఒకే ఒక్క మాటలో బాగుందనడం అదే మొదలు. హైమవతి కూర గిన్నె మీద మూత పెట్టేసింది.

దసరాకు ఆడాల్సిన నాటకం కూడా ముందుకు సాగడం లేదు. “రెండో పేజీలోనే ఇద్దరికీ అన్నిటిలోనూ ఒప్పుదల కుదిరిపోయింది హైమా. ఇంకా నలభై పేజీలున్నాయి. ఏం చెయ్యాలో తోచక వాళ్ళ చేత కాఫీ తాగిస్తున్నాను,” అన్నాడు దిగులుగా. “నాలుగు కప్పులయ్యాయి.”

ఇక్కడ ఇలా ఉంటే, పథకం విజయవంతమైందని ప్రభుకిశోర్ దాన్ని అన్ని శాఖలకూ విస్తరించాడు. ఇక మీద ఏ పాఠానికైనా ఒక పూర్వపక్షి ఉండి తీరాలి. ఫిజిక్స్‌కు ఎవరూ దొరక్క ఏసుబాబును వేశారు. పైనుంచి వదిలిన రాయి కింద పడదని ఆయన వాదించాలి. ఏసుబాబు రాయి పట్టుకుని బల్లెక్కి నిలబడ్డాడు.

“వదలవయ్యా!” అన్నాడు ఫిజిక్సు మేష్టారు.

“వదిల్తే పడుద్ది గందా సార్. నేనెందుకు వదుల్తా?”

నలభై ఐదు నిమిషాలూ రాయి పడలేదు. పడదని యంత్రం నమోదు చేసుకుంది. వ్యాయామ శాఖలో పరుగు ఆరోగ్యానికి చేటని వాదించడానికి ఒక కుర్రలెక్చరర్‌ను నియమిస్తే, తరగతి తరగతంతా ఆయన పక్షాన చేరి మైదానంలో చతికిలబడింది. ఇంకా లేవలేదు. లెక్కల శాఖలో ఏడెనిమిదులు యాభై నాలుగని వాదించినవాడు ఎంతకీ లొంగకపోయేసరికి, నూటికి నూరు తెచ్చుకున్న మేడమ్ జీవితంలో మొదటిసారి వేరేచోట దగ్గి, సెలవు మీద వెళ్ళిపోయారు. చివరగా, పాలక మండలి సమావేశాలతో సహా కళాశాలలో జరిగే ఏ చర్చకైనా పూర్వపక్షి తప్పనిసరి అని ఆర్డరు వచ్చింది. ఉత్సాహంలో ప్రభుకిశోర్ దాని మీద తానే సంతకం పెట్టాడు.

సెమిస్టరు చివరి వారానికి తత్వశాస్త్ర సూచిక డెబ్బై నాలుగు. ఇంకొక్క మెట్టు.

ఆ రోజు పాఠం, రాత్రి నిద్రపోయిన మనిషీ పొద్దున్న లేచిన మనిషీ ఒకరేనా అని. ఒకరేనని మేష్టారు. కాదని హైమవతి. రోజూలా అరగంట వాదించి ఊరుకుందామనే వచ్చింది. ఎందుకో ఆ గుత్తివంకాయ గుర్తొచ్చింది.

“నేనొక మనిషిని ఎరుగుదును,” అంది. “కూర ఎట్లా ఉందంటే పది నిమిషాలు పోట్లాడేవాడు. నాటకం రాస్తూ అవతలివాడి తరఫున ఏడ్చేవాడు. ఈమధ్య ఒక పొద్దున్న అదే మంచం మీంచి వేరే ఎవరో లేచారు. కొలతలు అవే. కళ్ళజోడు అదే. అడిగితే బాగుందంటాడు, అంతే. ఇద్దరూ ఒకరేనంటారా మేష్టారూ? అయితే చూపించండి. మొదటాయన ఎక్కడ?”

ఏడుగురూ మేష్టారి వంక చూశారు. గంట కొట్టారు. ఏసుబాబు రిజిస్టరు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఆమె కలం తీసింది. ఒక్క సంతకం చేస్తే సూచిక గట్టెక్కుతుంది.

“వద్దు హైమా,” అన్నాడు కోదండపాణి. “నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు నువ్వు తప్పని రాస్తే అది అబద్ధం.” కలం అందుకుని, ‘ఈ రోజు నేను ఓడిపోయాను’ అని రాసి సంతకం చేశాడు.

యంత్రం అదిరిపోయింది. సరైన పక్షమే ఓటమిని అంగీకరించాక దానికి చూపడానికి అంకె మిగల్లేదు. డెబ్బై నాలుగు సున్నా అయింది. కోదండపాణి మాత్రం దారి పొడవునా ఆమె వాదంలో ఎక్కడ సందుందా అని వెతుకుతూ, చేతులు తిప్పుకుంటూ, తనలో తాను మాట్లాడుకుంటూ ఇంటికి నడిచాడు. శాఖ పోతోందన్న దిగులు ఆమెదే అయింది.

శనివారం పాలక మండలి కూడింది. ఇప్పుడు ఆ గదిలోనూ ఒక మైకుంది. తీర్మానం ఒకటే, తత్వశాస్త్ర శాఖ మూసివేత. కొత్త ఆర్డరు ప్రకారం తీర్మానానికి పూర్వపక్షి ఉండాలి. కాలేజీలో అనుభవమున్న పూర్వపక్షి ఒక్కరే. హైమవతిని పిలిపించారు. కోదండపాణికి వెనక వరసలో కుర్చీ వేశారు.

“మీరు ఓడిపోవడానికి వచ్చారని గుర్తు చేస్తున్నాను మేడమ్,” అన్నాడు ప్రభుకిశోర్.

“గుర్తుందండీ. కాకపోతే మా శాస్త్రంలో ఒక పద్ధతుంది. మిమ్మల్ని కాదనే ముందు మీ మాట మీకంటే బాగా నేను చెప్పాలి. చెప్పమంటారా?”

“చెప్పండమ్మా, టీ వచ్చేలోపు,” అన్నారు ప్రిన్సిపాల్.

“ఒక నోటికి ఒకే పక్షం. చాలా గొప్ప రూలండీ. మనమే దాన్ని సరిగా అమలు చెయ్యడం లేదు. మన పరీక్ష పేపర్లు చూడండి. ఒక్కో ప్రశ్నకు నాలుగు జవాబులు. అందులో మూడు తప్పులు, కాలేజీ ముద్రతో మనమే అచ్చేస్తున్నాం. ఆ మూడూ తీసేసి సరైనదొక్కటే ఇవ్వాలి.”

ప్రభుకిశోర్ తల ఊపబోయి ఆగాడు. “పరిశీలించదగిన అంశం,” అన్నాడు.

“నాటక పోటీల్లో ప్రతినాయకుడి వేషం రద్దు చెయ్యాలి. చెడ్డ మాటలు అంత బాగా చెప్పడమేమిటి? నాయకుడొక్కడే వచ్చి కత్తి తిప్పుకుని వెళ్ళిపోతాడు.”

“అదేందమ్మా!” బలరామమూర్తిగారు కుర్చీలో నిటారుగా అయ్యారు. “ప్రతినాయకుడు లేకపోతే నాటకమేంది? ఈ ఊళ్ళో నా పేరు నిలబడిందే ఆ వేషంతో!”

“ఇక లైబ్రరీ. అవతలివారి వాదాలు రాసిన పేజీలు చింపెయ్యాలి. నిన్ననే వెళ్ళి లిస్టు రాసుకొచ్చాను. అన్నిటికంటే ముందు చింపాల్సింది, ‘కోస్తా జిల్లాల్లో సహకార సంఘాల పనితీరు’, డాక్టర్ ప్రభుకిశోర్, పీహెచ్‌డీ పుస్తకం. రెండో అధ్యాయం అరవై పేజీలు. మీకంటే ముందు ఇతరులు ఏమన్నారో, అది తరువాత మీరే తప్పని తేల్చారు గానీ, అబ్బ, ఎంత చక్కగా చెప్పారండీ! చదువుతుంటే నాకే వాళ్ళది రైటేమో అనిపించింది. ఆ అరవై పేజీలూ చింపేద్దాం.”

“అట్టా ఎట్టా చింపుతారండీ!” ప్రభుకిశోర్ లేచి నిలబడ్డాడు. ఇంతకాలం ఆయన నోట వినపడని ఊరి యాస వినపడింది. “నాలుగేళ్ళు కూర్చుని రాశాను! ముందువాళ్ళు ఏమన్నారో చెప్పకపోతే నేనన్నదాంట్లో విషయమేందో చదివేవాడికి ఎట్టా తెలుసుద్ది? వాళ్ళ మాటకు బలం ఉండబట్టే గదా నా మాటకు బలం!”

హైమవతి లిస్టు మడిచి కూర్చుంది. టీ వచ్చింది. ఎవరూ తీసుకోలేదు.

“ప్రభుకిశోర్‌గారూ,” అన్నారు బలరామమూర్తిగారు మెల్లగా, “ఈ ముక్క నా గదిలో కోదండపాణిగారు అన్నది కదూ?”

ప్రభుకిశోర్ కూర్చున్నాడు. గొంతు సవరించుకున్నాడు. “పథకం అమలులో కొంత సమాచార లోపం చోటుచేసుకుని ఉండవచ్చును,” అన్నాడు.

“ఉండవచ్చునంటే, చోటుచేసుకుందా లేదా అండీ?” అంది హైమవతి.

“చోటుచేసుకున్నట్లు ప్రాథమికంగా భావించవచ్చు.”

“ఎక్కడ?”

“విభాగం స్థాయిలో.”

“విభాగంలో ఎంతమంది ఉంటారు?”

ఆయన టేబుల్ మీది కాగితాలు సర్దాడు. సర్దినవే మళ్ళీ సర్దాడు. “నేనొక్కణ్ణే,” అన్నాడు.

హైమవతి టీ కప్పు ఆయన వైపు జరిపింది. “మొదటిసారి కొంచెం గొంతు పట్టుకుంటుందండీ. నేను ఈ సెమిస్టర్లో యాభై మూడు సార్లు చెప్పాను. అన్నం బాగానే సయిస్తోంది. ఏం కాదు, అనెయ్యండి.”

ఆయన ఒక గుక్క తాగాడు. తీర్మానం కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ప్రిన్సిపాల్ వైపు గానీ మైకు వైపు గానీ చూడకుండా, వెనక వరసలో కూర్చున్న కోదండపాణి వైపు తిరిగాడు.

“శాఖ ఉంటదండీ,” అన్నాడు. “సోమవారం మీ పాఠం మీరు ఎట్టా చెప్పుకుంటారో అట్టా చెప్పుకోండి. నేనన్నది తప్పు.”